సీమంతం దాకా ఆగవద్దు

అత్తగారి మనసు ఎలా గెలుచుకోవాలన్నదే మీ ఉత్తరంలోని ప్రశ్న. ఆరో నెల గర్భంతో ఉన్న మిమ్మల్ని, తల్లి చెప్పిన చాడీలు విని మీ భర్త రెండుసార్లు కొట్టారనీ, రెండోసారి తోసేసినప్పుడు మంచం కోడు పొట్టకు తగిలిందనీ, ఆసుపత్రి వాళ్ళతో మీరు బాత్రూంలో జారిపడ్డానని చెప్పారనీ మాత్రం మధ్యలో రెండు ముక్కల్లో రాసి వదిలేశారు. చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు కాబట్టి సీమంతం అయ్యేదాకా అమ్మకు తెలియనివ్వకూడదన్నది మీ నిర్ణయం.

అమ్మా, అత్తగారి సంగతి పక్కన పెట్టండి. ఆవిడ ఎన్ని నూరిపోసినా చెయ్యెత్తినది మీ భర్త. ఆ తప్పు పూర్తిగా ఆయనదే. నన్ను అంతకంటే కలవరపెట్టింది మీరు కన్నతల్లి దగ్గర దాస్తున్న తీరు. పెళ్లయిన కూతురి కష్టం పుట్టింటికి బరువని మీకెవరు నేర్పారో కానీ, చిన్న కూతురి సంబంధం కోసం పెద్ద కూతురు కడుపుతో దెబ్బలు తినాలని ఏ తల్లీ కోరుకోదు. అక్క గాయాలు దాచి కుదిర్చిన సంబంధం చెల్లెలికి మేలు చేస్తుందని కూడా నేను నమ్మను.

ముందు డాక్టరు దగ్గరకు మళ్ళీ వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పండి. పొట్టకు బలంగా దెబ్బ తగిలితే మాయ గర్భసంచి నుంచి ముందే విడిపోవచ్చు, నెలలు నిండకుండా నొప్పులు రావచ్చు. ఒక్కోసారి రక్తస్రావం లోపలే జరిగి పైకి కనిపించదు. పొట్ట గట్టిపడినా, నొప్పి వచ్చినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా ఆ క్షణమే 108కి ఫోన్ చేయండి. దెబ్బ ఎలా తగిలిందో కేసు షీటులో రాయించుకుంటే, రేపు అవసరమైతే మీ మాటకు అదే ఆధారం.

పుట్టింటికి వెళితే అత్తింట్లో హక్కు పోతుందన్న మీ భయానికి ఆధారం లేదు. 2005 నాటి గృహ హింస చట్టం ప్రకారం, ఇల్లు మీ పేరున లేకపోయినా అందులో నివసించే హక్కు మీకుంది. కొంతకాలం బయట ఉన్నంత మాత్రాన అది పోదు. మళ్ళీ చెయ్యెత్తకుండా మేజిస్ట్రేటు నుంచి రక్షణ ఉత్తర్వు కూడా కోరవచ్చు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే సఖి కేంద్రం దగ్గరలో ఎక్కడుందో చెబుతారు. వకీలు సాయం, తాత్కాలిక వసతి అక్కడ ఉచితం. కేసు పెట్టాలా వద్దా అన్నది పుట్టింట్లో కూర్చుని నిదానంగా ఆలోచించుకోవచ్చు.

ఆయన ఇంట్లో లేని సమయం చూసి ఈరోజే అమ్మకు ఫోన్ చేయండి. వచ్చి తీసుకువెళ్ళమని అడగండి. సీమంతం అక్కడే చేయించుకోండి.