లవ్ బర్డ్ పిల్లకి ఈకలు రాలుతుంటే ఏం మందు వెయ్యాలి?

"మూడున్నర నెలల లవ్ బర్డ్. వారం నుంచి పంజరం అడుగున ఈకలే ఈకలు. తల మీద ముళ్లు ముళ్లుగా లేచింది, గమ్మున కూర్చుంటోంది. ఏం మందు వెయ్యాలి?" అని ఒంగోలు నుంచి అడిగారు. ఏ మందూ వద్దు. సగం జవాబు మీరు చెప్పిన వయసులోనే ఉంది.

మన దగ్గర లవ్ బర్డ్ అని అమ్మేది బడ్జీని. అసలు లవ్ బర్డ్ ఆఫ్రికా పక్షి, బడ్జీ ఆస్ట్రేలియాది. పేరు ఏదైనా పోనివ్వండి గానీ, ఆ పేరు పెట్టి వెతికితే వేరే పక్షి సంగతులొచ్చి బుర్ర పాడవుతుంది. బడ్జీ పిల్ల 3, 4 నెలలప్పుడు మొదటిసారి ఈకలు మార్చుకుంటుంది, దీన్నే మోల్టింగ్ అంటారు. అప్పటిదాకా నుదుటి మీద ముక్కు వరకూ ఉన్న నల్ల గీతలు వెనక్కి తగ్గి, అక్కడ పసుపో తెలుపో తేటగా బయటపడుతుంది. పూర్తి పసుపు, పూర్తి తెలుపు పక్షుల్లో ఈ గీతలు కనపడవు, వాటికి ఇది చూడక్కర్లేదు. ఈ విడతలో మారేవి ఎక్కువగా తలా ఒంటి మీది చిన్న ఈకలే. రెండు మూడు వారాల్లో జోరు తగ్గుతుంది. ఈకలు ఎన్ని రాలినా చర్మం బోసిగా కనపడకూడదు. కనపడిందంటే అది మోల్టింగ్ కాదు.

ఆ ముళ్లు కొత్త ఈకలే, తొడుగులో ఉన్నాయంతే. మొదట్లో ముల్లు లోపల రక్తం ఉంటుంది, అడుగు నల్లగా కనపడుతుంది. ఈక ఎదిగాక రక్తం వెనక్కి పోయి తొడుగు తెల్లబడి పొడిపొడిగా రాలుతుంది. దాన్ని చుండ్రు అనుకుని కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు. నూనె పడితే ఈకలు అతుక్కుపోతాయి, పక్షి ఒంటి వేడి నిలవదు. జంట ఉంటే తల మీది తొడుగులు రెండోది గీకి పెడుతుంది. ఒంటరిదైతే కర్రకేసి రుద్దుకుంటుంది, మరీ మచ్చికైనదైతే తెల్లగా ఎండిన కొసల్ని మీరు గోటితో మెల్లిగా నలపొచ్చు. నల్లవాటి జోలికి పోవద్దు.

ఈక దాదాపు అంతా మాంసకృత్తే. ఉట్టి కొర్రలతో అది రాదు. గుడ్డు 12 నిమిషాలు ఉడికించి, చిదిమి, పక్షికి అర టీస్పూను చొప్పున రోజు మార్చి రోజు పెట్టండి. రెండు గంటల్లో తీసెయ్యాలి, రోహిణి కార్తెలో అయితే గంటకే. పెసలు 8 గంటలు నానబెట్టి, గుడ్డలో కట్టి, తోక కనపడగానే కడిగి పెట్టండి. పులిసిన వాసనొస్తే పారెయ్యండి. కొర్రలు పొట్టుతో ఉన్నవే కొనండి. ఇప్పుడు షాపుల్లో ఎక్కడ చూసినా కొర్ర బియ్యమే, అది మనకి. పొట్టు ఒలుచుకు తినడం పక్షికి పని కూడా. అన్నట్టు, గిన్నె నిండుగా ఉందని మోసపోవద్దు, పైన ఉండేది ఒట్టి పొట్టే. రోజూ ఊది చూడండి. కాల్షియానికి సముద్రపు నురుగు చాలు, అంటే షాపుల్లో కటిల్ బోన్ అని అమ్మే తెల్లటి బిళ్ల. మైపాడు, కొత్తపట్నం ఒడ్డున ఏరుకున్నదైతే రెండు రోజులు మంచినీళ్లు మారుస్తూ నానబెట్టి ఎండబెట్టండి.

స్నానానికి వెడల్పు పళ్లెంలో అర అంగుళం నీళ్లు, ఉదయం పూట. ముసురు పట్టిన రోజుల్లో మానెయ్యండి. రాత్రి 10, 12 గంటలు చీకటీ నిశ్శబ్దమూ కావాలి, హాల్లో టీవీ పక్కన పంజరం ఉంటే అవి దొరకవు. నెల్లూరు దోమలకి కాయిల్ వెలిగించక తప్పదంటారు. ఆ పొగకి ముందు దెబ్బతినేది పక్షే. పంజరానికి దోమతెర కట్టండి.

నిజంగా భయపడాల్సింది ఒకటుంది. రాత్రి కిటికీలో పిల్లి కదిలినా, పంజరం మీద బల్లి పాకినా పక్షి చీకట్లో కొట్టుకుంటుంది. రెక్కలో రక్తమున్న ముల్లు విరుగుతుంది. పొద్దున్నే చూస్తే కాగితమంతా ఎర్రటి చుక్కలు. 30 గ్రాముల పక్షికి ఒళ్లంతా కలిపి రక్తం 3 మిల్లీలీటర్లే, అందుకే ఆలోచిస్తూ కూర్చోకూడదు. ఫ్యాను ఆపి, తలుపులు మూసి, పల్చటి గుడ్డతో పట్టుకోండి. తలకి రెండు పక్కలా వేళ్లు ఉండాలి, ఛాతీ మీద ఒత్తిడి పడకూడదు. ఛాతీ కదిలితేనే దానికి ఊపిరి, నొక్కితే మీ చేతిలోనే పోతుంది. విరిగిన చోట కార్న్‌ఫ్లోర్ అద్ది, దూదితో 3 నిమిషాలు వదలకుండా అదమండి. మధ్యలో తీసి చూస్తే గడ్డకట్టింది ఊడిపోతుంది. పసుపు వద్దు, ఆగిందో లేదో తెలియదు. 10 నిమిషాలైనా ఆగకపోతే పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాల్సిందే. ఆ ముల్లు ఇంట్లో పీకొద్దు, కుదురు చిరిగితే అక్కడ ఇక ఈక సరిగ్గా రాకపోవచ్చు. రాత్రి నిద్ర చెడకుండా మసక వెలుతురు చిన్న బల్బు ఉంచితే ఈ గొడవ సగం తప్పుతుంది.

ఇక షాపువాళ్లు పొట్లం కట్టిచ్చే పసుప్పచ్చ పొడి. ఏ జబ్బు చెప్పినా అదే. చాలాసార్లు అది టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్. నీళ్లలో కలిపితే చేదుకి పక్షి తాగడం తగ్గిస్తుంది, ఎంత తాగిందో మీకు తెలియదు, పక్కన సముద్రపు నురుగు కొరికితే అందులో కాల్షియం ఆ మందుని పట్టేసుకుంటుంది. పైగా ఈకలు మారడానికి యాంటీబయాటిక్ ఏంది అబ్బా?

జబ్బు అనుకోవాల్సిన పిల్లలు వేరే ఉంటాయి. గూడు వదిలే వయసులో, 5, 6 వారాలకి, రెక్కల పెద్ద ఈకలూ తోకా ఊడిపోయి, ఈక మొదట్లో ఎండు రక్తం కనపడితే అది ఫ్రెంచ్ మోల్ట్, చాలావరకు వైరస్ వల్ల వచ్చేది. నయం చేసే మందు లేదు. మిగతా పక్షుల నుంచి ఆ రోజే విడదీయండి. ముక్కు చుట్టూ తేనెతుట్టెలా తెల్లగా పెచ్చు కడితే పురుగు, దానికి డాక్టరు మందు ఉంది.

మీ పిల్ల గమ్మున కూర్చుంటోందన్నారు. తింటూ, పైకర్ర మీదే ఉంటే పర్వాలేదు. అడుగున ఉబ్బి కూర్చుని, ఊపిరికి తోక ఎగరేస్తుంటే వెంటనే చూపించండి. గ్రాము తేడా చూపే కాటా మీద రోజూ ఉదయం మేత ముందు తూచండి. 3 గ్రాములు తగ్గినా అంతే.