ఆవకాయ పౌచ్‌లో పొరలు ఎందుకు ఊడుతున్నాయి?

ప్యాక్ చేసినప్పుడు పౌచ్ బాగానే ఉంటోంది, మూడు వారాలకు పైపొర పొంగి ఊడివస్తోంది, సీలింగ్ వేడి పెంచాలా అని అడిగారు. వద్దండి. సీల్ దగ్గర కాకుండా మధ్యలో ఊడుతోందంటే దానికీ సీలింగ్‌కీ సంబంధం లేదు. నేను ఫిల్మ్ పొరల్ని జిగురుతో అతికించే లామినేషన్ యూనిట్‌లో పనిచేస్తాను, పచ్చళ్లవాళ్ల నుంచి ఎక్కువగా వినేది ఈ ఫిర్యాదే.

మీరు చెప్పినదాన్ని బట్టి బయట పాలిస్టర్, లోపల పాలిథిన్. ఈ రెండూ వాటంతట అవి అతుక్కోవు. పాలిథిన్‌కి కొరోనా ట్రీట్‌మెంట్ ఇచ్చి (అంటే జిగురు పట్టేలా పైభాగాన్ని కరెంటు డిశ్చార్జితో మార్చి), మధ్యలో పాలీయూరిథేన్ జిగురు వేస్తారు. పాలిథిన్ నీటిని బాగానే ఆపుతుంది కానీ నూనెనీ, ఆవపిండి ఘాటునీ పూర్తిగా ఆపలేదు. ఆ ఘాటు అల్లైల్ ఐసోథయోసైనేట్ అనే, తేలిగ్గా ఆవిరయ్యే పదార్థం. ఇవి మెల్లగా పాలిథిన్ దాటి జిగురు దాకా వస్తాయి. పాలిస్టర్ వాటిని అంత సులువుగా పోనివ్వదు కాబట్టి అక్కడే పేరుకుని జిగురుని మెత్తబరుస్తాయి. కందిపొడికి సరిపోయిన పౌచ్ ఆవకాయకి ఆగకపోవడం అందుకే.

ముందు అదే బ్యాచ్‌లో వాడని ఖాళీ పౌచ్ ఒకటి తీసి పొరలు విడదీయండి. జిగురు వేలికి బంకగా తగిలితే అది గట్టిపడలేదు. హార్డ్‌నర్ (జిగురుని గట్టిపరిచే రెండో భాగం) పాళ్లు తప్పి ఉండాలి, లేదా జిగురు గట్టిపడేందుకు ఉంచే హాట్ రూమ్‌లో 40–45 డిగ్రీల దగ్గర రెండు రోజులైనా ఉంచకుండా రోల్ కోసేసి ఉండాలి. వానాకాలంలో జిగురుని పలచబరిచే సాల్వెంట్‌లో తేమ చేరినా హార్డ్‌నర్ ఆ తేమతోనే ఖర్చయిపోతుంది. అలా కాక జిగురంతా పాలిస్టర్ మీదే ఉండి పాలిథిన్ శుభ్రంగా ఊడితే ట్రీట్‌మెంట్ చాలలేదు. పౌచ్ తయారుచేసినవాళ్లని పాలిథిన్ మీద డైన్ ఇంక్ (ట్రీట్‌మెంట్ ఎంతుందో చూపే పరీక్ష సిరా) గీసి చూడమనండి, 38 డైన్‌ల కంటే తగ్గకూడదు. ఫిల్మ్ ఎక్కువకాలం నిల్వ ఉంటే లోపలి స్లిప్ (ఫిల్మ్ జారడానికి కలిపే పదార్థం) పైకి తేలి కూడా ఇలా అవుతుంది.

విడదీయబోతే ఫిల్మే చిరిగిందా? అయితే అతుకు మంచిదే, ఆ జిగురు రకం పచ్చడికి తగింది కాదు. ఘాటైన సరుకులకి వాడే గ్రేడ్ అడగండి. ఆర్డర్ ఇచ్చేముందు మీ ఆవకాయే నింపి, 50 డిగ్రీల్లో వారం ఉంచి, 15 మిల్లీమీటర్ల పట్టీ కోసి లాగి చూపించమనండి. వట్టి నూనెతో చేసిన టెస్ట్ ఒప్పుకోకండి.

జిగురు బంకగా తేలితే మాత్రం ఆ స్టాక్ అమ్మకండి. గట్టిపడని జిగురు నుంచి ఆరోమాటిక్ అమీన్‌లు అనే హానికర రసాయనాలు తినే పదార్థంలోకి దిగే ప్రమాదం ఉంది.