సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది, మెకానిక్ దగ్గర బాగానే ఉంటుంది

ప్రశ్న: నా 2006 మోడల్ పెట్రోల్ కారు అప్పుడప్పుడు సిగ్నల్ దగ్గర రేస్ పడిపోయి ఆగిపోతోంది. ఒక్కోసారి రేస్ దానంతటదే పెరిగి తగ్గుతోంది. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్పించాను. ఇంజిన్ లోపాలు ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ కొంటే యాప్‌తో కనెక్ట్ కావట్లేదు. అడాప్టర్ పాడైందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అడాప్టర్ బాగానే ఉండొచ్చు. మన దగ్గర ఓబీడీ-2 (కారు తన లోపాలను తానే గుర్తించే వ్యవస్థ) తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్‌లో. అంతకుముందు కార్లలో 16 పిన్నుల సాకెట్ ఉన్నా, చాలావాటి ప్రోటోకాల్ (స్కానర్‌తో మాట్లాడే భాష) కంపెనీ సొంతది. ఆ మోడల్‌ని చదివే స్కానర్ ఉన్న గ్యారేజీలో లైవ్ డేటా (ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్ల రీడింగులు) పెట్టించండి. స్కానర్‌లో లోపం కోడ్ లేదంటే లోపం లేదని కాదు. మసి పట్టిన ఐడిల్ వాల్వ్‌కి (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు గాలి అందించేది) కోడ్ పడకపోవడం మామూలే.

ఇంజిన్ వేడెక్కాక చూడాల్సింది ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో. లోపలికొచ్చే గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ ఉన్న కారులో ఐడ్లింగ్ అప్పుడు అది +10 శాతం దాటి, 2,500 ఆర్‌పీఎం దగ్గర మామూలైతే ఎక్కడో గాలి లీకవుతోంది. గాలి పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉన్న కారులో గాలి లీకైనా ట్రిమ్ పెద్దగా కదలదు. రేస్ పెరుగుతుంది, ఐడిల్ వాల్వ్ దాదాపు మూసుకుని కనిపిస్తుంది. ఈ తేడా తెలియకే చాలామంది మంచి సెన్సర్లు మార్చేస్తుంటారు.

ఈలోపు లోపం వచ్చిన ప్రతిసారీ ఏసీ ఆన్‌లో ఉందా, ఇంజిన్ వేడిగా ఉందా, బ్రేక్ తొక్కారా అన్నది ఫోన్‌లో రాసుకోండి. బ్రేక్ తొక్కితే రేస్ మారుతుంటే, ఇంజిన్ వాక్యూమ్‌తో బ్రేక్‌కి బలమిచ్చే బ్రేక్ బూస్టర్‌ని, దాని వాక్యూమ్ పైపుని అనుమానించాలి. యాక్సిలరేటర్ వదలగానే రేస్ పడిపోతుంటే, ఇంజిన్‌లోకి గాలిని వదిలే త్రాటిల్ బాడీలో మసి కారణం. ఇంజిన్ ఆపి, త్రాటిల్ బాడీ క్లీనర్‌ని గుడ్డ మీద కొట్టి తుడవండి. దాని మీదున్న స్టాప్ స్క్రూ మాత్రం తిప్పొద్దు, అది ఫ్యాక్టరీ సెట్టింగ్. పాత రబ్బరు పైపుల పగుళ్లు వెతకడానికి వేడి సైలెన్సర్ పైపుల దగ్గర క్లీనర్ స్ప్రే చేయొద్దు, అంటుకుంటుంది. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్, ప్లగ్ వైర్లకు తగలకుండా ఆ రబ్బరు పైపుల మీద కాస్త నీళ్లు చిలకరిస్తే చాలు. లీకున్న చోట రేస్ క్షణం మారుతుంది.

హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసినప్పుడే తడబడితే ఎర్త్ చూడండి. అవన్నీ ఆన్‌లో ఉంచి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ నెగెటివ్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య మల్టీమీటర్ 0.2 వోల్టులు దాటి చూపిస్తే ఎర్త్ వైరు చివరలు గీకి బిగించాలి.

రేస్ తడబడకుండా, తాళం తిప్పేసినట్టు ఒక్కసారిగా ఆగి, చల్లారాకే స్టార్టవుతుంటే మాత్రం ఇవన్నీ వదిలేసి ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్, ఇంజిన్ కంప్యూటర్‌కి కరెంటిచ్చే మెయిన్ రిలే చెక్ చేయించండి.