44 డిగ్రీల రామగుండంలో తిరిగిన మనిషికి 36 డిగ్రీల కాకినాడలో ఎందుకు ఊపిరాడదు?

మీ ప్రశ్న చదవగానే మా పెద్దమ్మ కొడుకు గుర్తొచ్చాడు, ఆ సంగతి కింద చెప్తాను. రామగుండంలో ఎనిమిదేళ్లు ఉన్నానని, మే నెలలో 44, 45 డిగ్రీల్లో కూడా బండి మీద తిరిగానని, కాకినాడ బదిలీ అయ్యాక 36కే నీరసం, తలపోటు, రాత్రి నిద్ర లేకపోవడం అని రాశారు. ఫోన్‌లో 36 పక్కనే '51లా అనిపిస్తుంది' అని చూపిస్తోంది, అది నిజమా, ఇంట్లో తేమ మీటరు కొనాలా అని కూడా అడిగారు.

నేను ఆరేళ్లు కరీంనగర్ వైపు ఒక వ్యవసాయ పరిశోధన స్థానంలో వాతావరణ పరిశీలకుడిగా పనిచేశాను, తర్వాత నాలుగేళ్లు బాపట్ల వైపు. రెండుచోట్లా పని ఒకటే. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి తెల్ల పెట్టె తలుపు తీసి థర్మామీటర్లు చూసి పుస్తకంలో రాయడం. ఆ పెట్టెను స్టీవెన్‌సన్ స్క్రీన్ అంటారు, థామస్ స్టీవెన్‌సన్ అనే స్కాట్లాండ్ లైట్‌హౌస్ ఇంజనీరు 19వ శతాబ్దంలో తయారుచేసింది. నాలుగు పక్కలా చెక్క రెక్కలు, గాలి ఆడుతుంది కానీ ఎండ లోపలికి పడదు, తలుపు ఉత్తరం వైపే ఉంటుంది, థర్మామీటర్ల బుడ్డి నేలకు దాదాపు నాలుగడుగుల ఎత్తున ఉంటుంది. అంటే మీరు వార్తల్లో వినే 44 నీడలో, గాలి తగిలేచోట కొలిచిన గాలి వేడి. ఎండలో ఆపిన బండి మీటరు 50 చూపిస్తే అది గాలి వేడి కాదు, ఎండకు కాలిన ఆ మీటరు వేడి.

పెట్టెలో నాలుగు ఉంటాయి. ఒకటి గరిష్ఠం, ఒకటి కనిష్ఠం, ఒకటి మామూలుది, నాలుగోదే మీ ప్రశ్నకు జవాబు. దాని బుడ్డికి పల్చటి మల్లు గుడ్డ చుట్టి, ఆ గుడ్డను ఒక వత్తితో చిన్న నీళ్ల సీసాలోకి వదులుతారు. గుడ్డ ఎప్పుడూ తడిగా ఉంటుంది, అందుకే దీన్ని తడి థర్మామీటరు అంటాం. ఆ తడి ఆరుతున్నప్పుడు బుడ్డిలోని వేడిని లాక్కుపోతుంది కాబట్టి ఈ థర్మామీటరు పక్కదాని కంటే తక్కువ చూపిస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే తేడా అంత ఎక్కువ. ఆ రెండు అంకెల తేడాను పట్టికలో చూసుకుంటే తేమ శాతం వచ్చేస్తుంది, అంటే ఆ వేడిలో గాలి పట్టగలిగిన నీటిలో ఇప్పుడు ఎంత శాతం ఉందో తెలుస్తుంది. దీన్ని చదవడానికి కూడా ఒక పద్ధతి ఉంది: దగ్గరకు వెళ్లి నిలబడితే మన ఒంటి వేడి, ఊపిరి తగిలి అంకె కదులుతుంది, అందుకని ముందు పాయింటు తర్వాతి అంకె చూసి, ఆ తర్వాత డిగ్రీలు చూడమని నేర్పారు. చేరిన కొత్తలో ఒక మే మధ్యాహ్నం రెండు థర్మామీటర్లూ 43 అని రాసుకొచ్చాను. మా సీనియర్ పుస్తకం చూసి, "బయట వాన పడుతోందా?" అని అడిగాడు. వెళ్లి చూస్తే సీసాలో నీళ్లు అయిపోయి గుడ్డ ఎండిపోయి ఉంది. రెండూ ఒకే అంకె చూపిస్తే గాలిలో తేమ నూటికి నూరు అని అర్థం, మే మధ్యాహ్నం కరీంనగర్‌లో అది జరిగే పని కాదు.

మన ఒళ్లు కూడా అచ్చం ఆ నాలుగో థర్మామీటరే. చర్మం గుడ్డ, చెమట నీళ్లు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో కూడా దాదాపు 100 వాట్ల వేడి పుడుతూ ఉంటుంది, పాతకాలం బల్బు ఒకటి లోపల వెలుగుతున్నట్టు. పని చేస్తే దానికి మూడు నాలుగు రెట్లు. చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి గాలి అంతకంటే వేడిగా ఉన్నప్పుడు ఆ వేడి గాలిలోకి పోయే దారే లేదు, చెమట ఆరడం ఒక్కటే దారి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 580 కిలో క్యాలరీల వేడి పోతుంది. 'ఆరితే' అన్నమాట దగ్గర ఆగండి. వీపు మీంచి ధారగా కారి నేల మీద పడిన చెమట ఒంటిని ఏమాత్రం చల్లబరచదు, నీళ్లూ ఉప్పూ నష్టం, అంతే.

ఇప్పుడు మీ రెండు ఊళ్లు తీసుకుందాం. రామగుండంలో 44 డిగ్రీలు, తేమ 15 శాతం అనుకోండి, తడి థర్మామీటరు 23 దగ్గర ఉంటుంది. కాకినాడలో 36 డిగ్రీలు, తేమ 65 శాతం, తడి థర్మామీటరు 30. అంటే మామూలు థర్మామీటరు ప్రకారం కాకినాడ 8 డిగ్రీలు చల్లన, మీ ఒంటి లెక్క ప్రకారం 7 డిగ్రీలు వేడి. ఇంకోలా చెప్పాలంటే రామగుండంలో ఒక ఘనపు మీటరు గాలిలో 9 గ్రాముల నీళ్లుంటే కాకినాడలో 27 గ్రాములు ఉన్నాయి, అప్పటికే అంత తాగి ఉన్న గాలి మీ చెమటను ఎక్కడ తీసుకుంటుంది? కుండలో నీళ్లు గమనించారా? రామగుండంలో ఎండ ముదిరేకొద్దీ కుండ నీళ్లు చల్లగా ఉంటాయి. కాకినాడలో అదే కుండ పెడితే ఏదో ఉన్నాయంటే ఉన్నాయి అన్నట్టుంటాయి. కూలరు కూడా అంతే, అక్కడ ప్రాణం పోస్తుంది, ఇక్కడ గదిలో ఇంకాస్త ఉక్క పెంచుతుంది. దయచేసి మీ పాత కూలరు తలుపులేసిన గదిలో వాడకండి.

తడి థర్మామీటరు 35 చేరితే ఎంత ఆరోగ్యవంతుడైనా, నీడలో ఊరికే కూర్చున్నా కొన్ని గంటలకు మించి బతకడం కష్టమని 2010లో షేర్‌వుడ్, హ్యూబర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. తర్వాత అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కుర్రవాళ్లను గదిలో ఉంచి పరీక్షిస్తే, బాగా తేమ ఉన్న గాలిలో 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైంది. ఆ పరీక్షలో చేసింది చిన్న చిన్న ఇంటి పనుల పాటి శ్రమే. మన 30కీ ఆ 31కీ ఎంత దూరం ఉందో చూడండి. మీకు నీరసం వస్తోందంటే మీరు సుకుమారం అయిపోయారని కాదు, మీ ఒళ్లు నిజంగానే హద్దు దగ్గర పనిచేస్తోంది.

మా అన్న సంగతి. బాపట్ల వైపు ఉన్నప్పుడు మా పాపకు ఓణీల ఫంక్షన్ పెట్టాం, కరీంనగర్ నుంచి బంధువులంతా వచ్చారు. వంటలు నేను చూసుకుంటా అని మా పెద్దమ్మ కొడుకు ముందుకొచ్చాడు. మూడు పక్కలా టార్పాలిన్ కట్టిన షెడ్డు, లోపల నాలుగు పొయ్యిలు, గుండిగల్లోంచి ఆవిరి. ఆ పొద్దున ఏడింటికి నేను రాసిన లెక్క ఇప్పటికీ గుర్తుంది: పొడిది 30, తడిది 28. పదింటప్పుడు కాసేపు కూర్చో అన్నా అంటే, "ఏందిరా తమ్మీ, మన దగ్గర 45 ఎండల ఐదొందల మందికి వండిన, గిదేం ఎండ" అన్నాడు. నేనూ ఊరుకున్నాను. రోజూ ఆ అంకెలు రాసేవాణ్ణి, ఆ షెడ్డులో ఆవిరికి తడి థర్మామీటరు ఎంత చూపిస్తుందో నాకు తట్టి ఉండాల్సింది. పదకొండింటికి గరిటె వదిలేసి ఏదో సంబంధం లేకుండా మాట్లాడటం మొదలుపెట్టాడు, మా ఆవిడను వాళ్ల అమ్మ పేరుతో పిలిచాడు, తర్వాత గోడకు ఆనుకుని జారిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఎండలోనే లేడు, వడదెబ్బ ఎందుకవుతుంది అన్నారు, చెమటలు పడుతున్నాయి కదా బీపీ అయి ఉంటుంది అన్నారు. రెండూ తప్పే. పని చేస్తూ చేస్తూ వడదెబ్బ తగిలిన మనిషికి చెమట ఆగకపోవచ్చు. మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, ఒళ్లు కాలిపోవడం, ఇవి కలిస్తే వడదెబ్బే అనుకుని కదలాలి.

జ్యూసు కోసం తెచ్చిన ఐసు ఉండటం మా అదృష్టం. చొక్కా విప్పి, బకెట్లకొద్దీ ఐసు నీళ్లు ఒంటి మీద పోస్తూ, ఫ్యాను తెచ్చి సూటిగా పెట్టి, చంకల్లో, మెడ పక్కన, గజ్జల్లో ఐసు గుడ్డలు ఉంచి, 108 వచ్చేదాకా అదే పని చేశాం. ఎవరో జ్వరం బిళ్ల తెచ్చారు, వద్దన్నాను. వడదెబ్బ వేడికి ఆ బిళ్ల పనిచేయదు. ఇంకొకరు నోట్లో నీళ్లు పోయబోయారు, స్పృహ సరిగా లేని మనిషికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నుదుటి దగ్గర పెట్టి నొక్కే గన్నుతో చూస్తే వందే ఉంది, అంటే 38 లోపే. ఆసుపత్రిలో మలద్వారం దగ్గర చూస్తే 40.6 సెల్సియస్, అదీ అప్పటికి అరగంట నీళ్లు పోశాక. తడిసిన నుదురు చల్లగానే ఉంటుంది, లోపలి వేడిని ఆ గన్ను చెప్పలేదు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి బాగుపడి ఇంటికెళ్లాడు. ముందు చల్లబరచండి, తర్వాతే ఆసుపత్రికి కదలండి అని డాక్టరుగారు చెప్పిన మాట అప్పటినుంచి కనిపించిన ప్రతివాళ్లకూ చెప్తున్నాను.

మీ ఫోన్‌లో 51 సంగతి. అది కొలిచిన అంకె కాదు, 36నీ 65 శాతాన్నీ కలిపి లెక్కకట్టింది, దాన్ని హీట్ ఇండెక్స్ అంటారు, 1979లో స్టెడ్‌మన్ అనే ఆయన చేసిన లెక్కలు దీనికి మూలం. నీడలో ఉన్న మనిషికి వేసిన లెక్క అది, ఎండలో నిలబడితే ఇంకా ఎక్కువే. కాబట్టి అబద్ధం కాదు, కానీ 51 డిగ్రీల వేడి అని కాదు. ఒక జాగ్రత్త: వార్తల్లో 'గరిష్ఠం 38, తేమ 88 శాతం' అని కలిపి చదువుతారు, అవి రెండూ ఒకే సమయానివి కావు. 88 పొద్దుటిది, 38 మధ్యాహ్నానిది. గాలిలో నీళ్లు అంతే ఉన్నా గాలి వేడెక్కేకొద్దీ శాతం తగ్గుతుంది. ఆ రెండూ కలిపి లెక్కేసుకుని కంగారుపడకండి. వాతావరణ శాఖ కూడా రెండు ప్రాంతాలనూ ఒకేలా చూడదు, సాధారణం కంటే 4.5 డిగ్రీలు పెరిగినప్పుడు మైదానంలో 40 దాటితే వడగాడ్పు అంటుంది, కోస్తాలో 37కే అంటుంది.

అలాగని పొడి ఎండ మంచిదని నేను అనడం లేదు. 2015 మే నెలలో దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే అందులో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాలవాళ్లే. పొడి ఎండలో చెమట పట్టినట్టే తెలియదు, పట్టీ పట్టకముందే ఆరిపోతుంది, సాయంత్రం చొక్కా వీపు మీద తెల్లగా ఉప్పు చారలు చూస్తే ఎంత పోయిందో తెలుస్తుంది. అక్కడ నీళ్లు తాగకపోవడం చంపుతుంది. ఇక్కడ నీళ్లు ఎంత తాగినా చెమట ఆరకపోవడం చంపుతుంది. ఫ్యాను కూడా రెండుచోట్లా ఒకలా పనిచేయదు: 40 దాటిన పొడి గాలిలో ఒట్టి ఒంటి మీద ఫ్యాను వేడిగాలినే తెచ్చి కొడుతుంది, మీ 36 ఉక్కలో మాత్రం అదే మీ ప్రాణస్నేహితుడు, చర్మం మీద పేరుకున్న తేమను తోసేస్తుంది.

అందుకని రెండు వారాలు ఓపిక పట్టండి, అలవాటు పడటానికి ఒంటికి అంత సమయం కావాలి, చెమట ముందుగా పట్టడం, అందులో ఉప్పు తగ్గడం ఈ రోజుల్లోనే మెల్లగా వస్తాయి. ఈలోపు బరువు పనులు తెల్లవారుజామునే చేసుకోండి, ఉప్పేసిన పల్చటి మజ్జిగ తాగండి, వంటింట్లో ఆవిరి బయటికి పోయేలా ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. రాత్రి నిద్ర పట్టకపోతే స్నానం చేసి సరిగ్గా తుడుచుకోకుండానే ఫ్యాను కింద కూర్చోండి. ఏసీ ఉంటే గదిలో తేమను లాగేసే డ్రై మోడ్ ఒకసారి వేసి చూడండి, చాలామంది ఆ బటన్ ముట్టుకోరు.

మీటరు కొనుక్కోవచ్చు, ఖరీదైనది అక్కర్లేదు, కానీ కొనగానే నమ్మకండి. సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంతే నీళ్లు కలిపి, ఆ మూతనూ మీటరునూ ఒక జిప్ కవర్లో పెట్టి గాలి పోకుండా మూసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి అది 75 చూపించాలి. 70 చూపిస్తే ఎప్పుడు చూసినా ఐదు కలుపుకోండి. బాత్రూం పక్కన, ఎండ పడే గోడకు తగిలించొద్దు. ఇంకా ఓపిక ఉంటే లాబ్ సామాన్ల షాపులో ఒకేలాంటి గది థర్మామీటర్లు రెండు కొని (జ్వరానిది పనికిరాదు, అది 35 కింద చూపించదు), ఒకదాని బుడ్డికి పాత మల్లు పంచె ముక్క చుట్టి తడిపి, ఫ్యాను ముందు ఐదు నిమిషాలు ఉంచి చూడండి. గుడ్డ వారం వారం మార్చాలి, సముద్రపు గాలికి ఉప్పు పేరుకుంటే అంకె తప్పు వస్తుంది. మా ఇంట్లో నేను పెట్టుకున్న హద్దు ఇది: తడిది 28 దాటితే బరువు పనులు బంద్, 30 దాటితే అమ్మానాన్నల్ని ఏసీ గదిలోంచి కదలనివ్వను, మామూలు థర్మామీటరు ఎంత చూపించినా సరే.