కోవిడ్ మరణాల శాతం: ముందు భాగహారంలో కింద ఉన్న సంఖ్య చూడండి

అన్నా, మరణాలను కేసులతో భాగిస్తే మనకు ఒక శాతం చుట్టూ వస్తోంది, 2020లో ఇటలీకి పది దాటింది, మనవాళ్ల ఒంట్లో ఏమైనా ప్రత్యేకత ఉందా అని అడిగారు. నేను యాక్చువరీ పనిలోనే ఉన్నా, అంటే ఇన్సూరెన్స్ కోసం మరణాల లెక్కలు కట్టే పని, మేమైతే ఆ భాగహారం అసలు నమ్మం.

కేసులంటే టెస్టు చేయించుకున్నవాళ్లే. 2020 డిసెంబర్, 2021 జనవరిలో కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ రక్తపరీక్షలు చేస్తే పదేళ్లు దాటినవాళ్లలో సుమారు 21 శాతం మందికి అప్పటికే వచ్చిపోయిందని తేలింది, అంటే ఇరవై కోట్ల పైమాటే, లెక్కకెక్కిన కేసులేమో కోటి చిల్లర! ఇటలీలో మొదట్లో ఆస్పత్రికి చేరినవాళ్లకే ఎక్కువగా టెస్టులు చేశారు, పైగా అక్కడ ముసలోళ్లు ఎక్కువ. వయసు పిల్లలంతా బెంగళూరు పోయిన ఉదయగిరి వైపు పల్లెనీ, నెల్లూరు టౌన్‌నీ ఒకే శాతంతో కొలిస్తే ఎట్లా? అరవై దాటినవాళ్లను అరవై దాటినవాళ్లతోనే పోల్చాలి.

పైసంఖ్యకూ, అంటే మరణాల లెక్కకూ, చిల్లులున్నాయి. 2020, 21లకు కలిపి మన దేశంలో అధికారిక కోవిడ్ మరణాలు 4.8 లక్షలైతే, డబ్ల్యూహెచ్ఓ అంచనా వేసిన అదనపు మరణాలు, అంటే మామూలుగా జరిగేవాటికన్నా ఎక్కువ జరిగినవి, 47 లక్షలు. కేంద్రం దాన్ని ఒప్పుకోలేదు, అందులో వేరే జబ్బులకు వైద్యం అందక పోయినవాళ్లూ ఉన్నారు లెండి.

మీ జిల్లా సంగతి తెలియాలంటే కారణాలు వదిలేసి, 2021 మే నెల మొత్తం మరణాలను 2018, 2019 మే నెలలతో పోల్చండి. ఒక్క జాగ్రత్త, మనవాళ్లు చెన్నై ఆస్పత్రిలో పోతే నమోదు అక్కడే అవుతుంది, నెల్లూరు రిజిస్టర్‌లో కనబడదు.