‘ఫో పా’కు తెలుగు మాట ఏది?

ప్రశ్న: మా బడి సమావేశంలో ఒక ఇంగ్లీషు వ్యాసం చదువుతూ, ఎఫ్, ఏ, యు, ఎక్స్ అక్షరాల పక్కన పి, ఏ, ఎస్ ఉన్న మాటను ‘ఫాక్స్ పాస్’ అని పలికాను. వెనక వరుసలో ఇద్దరు నవ్వారు. దాన్ని ఎలా పలకాలి? ‘మిస్టేక్’ ఉండగా ఆ మాట ఎందుకు? తెలుగులో ఏమనాలి?
— ఒక ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

జవాబు: ‘ఫో పా’ అని పలకాలి. 17వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట కనుక, రాతలో ఉన్న ఎక్స్, ఎస్ నోట పలకవు. బహువచనంలో రాత మారదు గాని, చివర ‘జ్’ చేరి ‘ఫో పాజ్’ అని వినిపిస్తుంది. నవ్వినవారు కూడా మొదటిసారి మీలాగే చదివి ఉంటారని నా అనుమానం.

చిల్లర లెక్క తప్పితే అది మిస్టేక్. బత్తాయి తోటకు మోతాదు మించి మందు కొట్టి చెట్లు మాడిపోతే అది బ్లండర్. నలుగురిలో పాటించవలసిన మర్యాదను తెలియకో, అలవాటు కొద్దీనో తప్పి, ఆ వెంటనే ఎవరి ముఖమూ చూడలేని స్థితి వస్తే అది ఫో పా.

మన నల్గొండ పల్లెల్లో ఇంటికి వచ్చిన మనిషి లేచేటప్పుడు ‘పోతున్న’ అనడు, ‘పోయొస్త’ అంటాడు. చావు జరిగిన ఇంట్లో మాత్రం ఆ మాట అనకూడదు, చెప్పకుండానే లేచి వెళ్లాలి. దేవరకొండ వైపు ఒక పల్లెకు పరామర్శకు వెళ్లినప్పుడు, మాతో వచ్చిన ఒకాయన చెప్పులు తొడుక్కుంటూ అలవాటుగా ‘పోయొస్త అత్తమ్మా’ అన్నాడు. గోడకు ఆనుకొని కూర్చున్న ఆమె ఏమీ అనలేదు. పక్కనున్న కోడలు మాత్రం తలెత్తి చూసింది. ఆయన నాలుక కరుచుకొని, రెండో చెప్పు తొడిగీ తొడగకుండానే వాకిలి దాటాడు. బండెక్కినాక ‘ఇజ్జత్ పోయినంత పనైంది’ అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు, ఎవరికీ నష్టం చేయలేదు. అదే మాట నెల ముందు అదే గడపలో అని ఉంటే మర్యాదే అయ్యేది.

దీనికి దగ్గరి మాట ‘గాఫ్’. అదీ ఫ్రెంచిదే, నాయకులు మైకు ముందు నోరు జారినప్పుడు పత్రికలు ఎక్కువగా దాన్ని వాడతాయి.

ఇక తెలుగు సంగతి. ఫో పా అంటే అక్షరాలా ‘తప్పు అడుగు’ కనుక ‘తప్పటడుగు’ అనాలని ఎవరికైనా అనిపిస్తుంది. కాని మన తప్పటడుగు పసిపిల్లల నడకకు గాని, నడత చెడినవారికి గాని వర్తించే మాట. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు ఫో పాకు స్త్రీ శీలం తప్పిందనే అర్థం ఉండేది. అక్కడ ఆ వాడుక వెనకబడింది, మన దగ్గర పోలేదు. అందుకే ‘విందులో ఆయన తప్పటడుగు వేశాడు’ అని రాస్తే చదివేవారు లేనిపోనిది ఊహించుకుంటారు. ‘పప్పులో కాలు వేయడం’ కూడా అడుగుకు సంబంధించిందే అయినా, అది అంచనా తప్పడమే గాని మర్యాద తప్పడం కాదు. నా మటుకు నేను సందర్భాన్ని బట్టి ‘మర్యాద తప్పిన మాట’ అనో, ‘నాలుక కరుచుకోవలసిన పని’ అనో రాస్తాను. ఇంగ్లీషులో వాడేటప్పుడు దానికి ముందు ‘మేక్’ గాని ‘కమిట్’ గాని చేర్చండి, ‘డూ’ అతకదు.

మీ ‘ఫాక్స్ పాస్’ ఉచ్చారణ దోషమే తప్ప ఫో పా కాదు. చదువుతున్న మనిషి వినేలా నవ్వడం మాత్రం ఆ లెక్కలోకే వస్తుంది.