ఐస్‌లాండ్ గాయని లేయ్‌వేకి అంత పేరు రీల్స్‌తోనే వచ్చిందా? జాజ్ తెలియనివాళ్ళు ఏ పాటతో మొదలుపెట్టాలి?

ముందుగా పేరు. స్పెల్లింగ్ చూసి చాలామంది లౌఫీ అంటారు, "లేయ్‌వే" అనాలి. పూర్తి పేరు లేయ్‌వే లిన్ బింగ్ యోన్స్‌దోత్తిర్. చివరిది ఇంటిపేరు కాదు, "యోన్ కూతురు" అని అర్థం.

రీల్స్ పేరుని ఊరూరా మోశాయి, అంతే. సరుకు అంతకు ముందే తయారై ఉంది. 1999లో రేక్యవిక్‌లో పుట్టింది. తల్లి చైనా నుంచి వచ్చిన వయొలిన్ కళాకారిణి, ఐస్‌లాండ్ సింఫనీ ఆర్కెస్ట్రాలో వాయించేవారు. తాత లిన్ యావోజీ బీజింగ్‌లో పేరుమోసిన వయొలిన్ గురువు. పదిహేనేళ్ళకే లేయ్‌వే ఆ ఆర్కెస్ట్రాతో సోలోగా చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) వాయించింది. తర్వాత బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాల. 2020లో లాక్‌డౌన్ పడ్డాక పాత జాజ్ పాటలు ఒక్కతే కూర్చుని పాడి, చిన్న వీడియోలుగా పెట్టడం మొదలుపెట్టింది. మన దేశంలో అదే ఏడాది జూన్‌లో టిక్‌టాక్ ఆపేశారు కాబట్టి, ఇక్కడివాళ్ళకి ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబే దారి అయ్యాయి. 2023లో "బివిచ్డ్" ఆల్బమ్ వచ్చింది, 2024 ఫిబ్రవరిలో దానికి సంప్రదాయ పాప్ గాత్రం విభాగంలో గ్రామీ దక్కింది.

వినడానికి నా వరస ఇది: ముందు "ఫ్రమ్ ద స్టార్ట్", తర్వాత "వాలెంటైన్", ఆపైన "కాలిఫోర్నియా అండ్ మీ". మూడోది ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రాతో చేసింది, ఫోన్ స్పీకర్‌లో వింటే సగం పోతుంది, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఆమె పాడిన "మిస్టీ" సొంత పాట కాదు, అమెరికన్ జాజ్ పియానిస్ట్ ఎరాల్ గార్నర్ కట్టిన పాత బాణీ. ఆమె ఎక్కడి నుంచి నేర్చుకుందో తెలియాలంటే అది తప్పకుండా వినాలి.

"ఫ్రమ్ ద స్టార్ట్" బోసా నోవా అనే బ్రెజిల్ సంగీత నడకలో ఉంటుంది. గిటార్ మీద ప్రయత్నించేవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు, పిక్‌తో పైనుంచి కిందికి గీకేయడం. అలా గీకితే ఆ ఊగు రాదు. నాలుగు దెబ్బల లెక్కలో, బొటనవేలితో ఒకటో దెబ్బకీ మూడో దెబ్బకీ కింది స్థాయి (బేస్) స్వరం మీటాలి. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళు మూడూ తీగల్ని ఒకేసారి, దెబ్బల మధ్య సందుల్లో లాగాలి. ముందు బొటనవేలి పని ఒక్కటే పది నిమిషాలు చేయండి, అది ఆగకుండా నడిచాకే వేళ్ళు కలపండి.

ఆ మెత్తదనం చాలావరకు మేజర్ సెవెన్ కార్డుల (ఒకేసారి మోగించే స్వరాల గుంపుల) వల్ల వస్తుంది. మామూలు సి మేజర్ పట్టుకుని చూపుడువేలు ఎత్తేయండి, సి మేజర్ సెవెన్ వచ్చేస్తుంది. కర్ణాటక సంగీతం వచ్చినవాళ్ళకి ఇంకా తేలిక: షడ్జం, అంతర గాంధారం, పంచమం, వాటి పక్కన కాకలి నిషాదం. ఆ నిషాదం షడ్జానికి చేరకుండా అక్కడే నిలబడిపోవడంలోనే ఉంది అందమంతా. పాడేటప్పుడు దాన్ని గమకంతో ఊపకండి, గొంతు తగ్గించి, మైక్‌కి దగ్గరగా, ఆ స్వరాన్ని కదలకుండా నిలిపి పట్టుకోండి.